అన్నిటికంటే శుభ్రమైన పాత్ర

పదిహేడో రోజు కూడా పరీక్షనాళికలో నీళ్లు ఆకుపచ్చగానే తేలాయి.

మందాకిని దాన్ని కిటికీ వెలుతురులోకి ఎత్తి, రంగుల కార్డు పక్కన పెట్టి మళ్లీ చూసింది. కార్డు మీద మొదటి గడి పసుపు. పసుపంటే నీళ్లలో అమోనియా లేదు, తొట్టి పనిలోకి వచ్చింది, చెల్లెలు ఝాన్సీని దానికి తగిలించవచ్చు. ఇది నాలుగో గడి. నిన్నా నాలుగో గడే. వారం క్రితమూ అంతే.

"ఇంకో చుక్క మందు వేసి చూస్తారా వదినా?" అన్నాడు వెనక నుంచి ఝాన్సీ భర్త త్రినాథ్.

"చుక్క పెంచితే రంగు మారుతుంది త్రినాథ్. నీళ్లు మారవు."

అతను తలూపి, గోడకు వేలాడుతున్న నోటుపుస్తకంలో తేదీ, టైము, గడి నంబరు రాశాడు. రైల్వేలో సిగ్నల్ క్యాబిన్ ఉద్యోగం అతనిది. పుస్తకంలో ఎలా ఉంటే అలా చెయ్యడం, చేసింది వెంటనే రాయడం అతనికి ఊపిరి తీసుకున్నంత సహజం. మర్రిపాలెం క్వార్టర్లో ఆ చిన్న గదిని ఆపరేషన్ థియేటర్‌లా ఉంచాడు. గోడ మీద లాబ్ వాళ్లిచ్చిన సూచనల పత్రం అట్టకు అంటించి ఉంది. ఒక్కో వాక్యం కింద పెన్సిల్‌తో గీత.

గదిలో రెండు తొట్లు పక్కపక్కన ఉన్నాయి. ఎడమవైపుది పాతది, చచ్చిపోతున్నది. కుడివైపుది కొత్తది, బతకనంటున్నది.

మనం తిన్న పప్పూ చేపా ఒంట్లో అరిగాక మిగిలే విషాల్లో అమోనియా ఒకటి. ఆరోగ్యంగా ఉన్న కాలేయం దాన్ని పట్టుకుని బయటికి పంపేస్తుంది. ఝాన్సీ కాలేయానికి పుట్టుకతోనే ఆ పని సరిగ్గా రాదు. ఇరవై తొమ్మిదేళ్లు ఎలాగో నెట్టుకొచ్చింది. మూడేళ్ల కిందట టైఫాయిడ్ వచ్చినప్పుడు ఒక్కసారిగా బయటపడింది. ఆసుపత్రిలో రక్తశుద్ధి రెండుసార్లు తట్టుకుంది. మూడోసారి గుండె ఆగి, మళ్లీ కొట్టుకుంది. ఇంకోసారి చెయ్యలేమని డాక్టర్లు చేతులెత్తేశారు.

అప్పటికే భీమిలి తీరంలోని లాబ్‌లో మందాకిని ఆ పనిని ఒక గాజుతొట్టికి నేర్పుతోంది. నలభై లీటర్ల సముద్రపు నీళ్లు. అందులో తెప్పల నుంచి ఆరునెలలు సముద్రంలో వేలాడదీసిన సున్నపురాళ్లు. ఆ రాళ్ల రంధ్రాల్లో కోట్లకొద్దీ సూక్ష్మజీవులు కాపురం పెడతాయి కాబట్టి రోగుల ఇళ్లల్లో వాటిని బతుకురాళ్లు అంటారు. పైన దీపం కింద, పచ్చటి జుట్టులా చిక్కులు పడి పెరిగే సముద్రపు నాచు. సాయంత్రం నాలుగు గంటలసేపు రోగి రక్తం ఒక సన్నటి పొరకు ఇవతల ప్రవహిస్తుంది, తొట్టి నీళ్లు అవతల. రక్తంలోని అమోనియా పొర దాటి నీళ్లలోకి పోతుంది. రాళ్లలోని జీవులు దాన్ని తిని నైట్రైట్ చేస్తాయి, వేరే జీవులు ఆ నైట్రైట్‌ని తిని నైట్రేట్ చేస్తాయి, నాచు ఆ నైట్రేట్‌ని తిని పెరుగుతుంది. వారానికోసారి పిడికెడు నాచు కత్తిరించి పారేస్తే చాలు. మనిషిలోని విషం పచ్చగా చేతికి వస్తుంది.

చిక్కల్లా ఒక్కటే. రాళ్లలో జీవులు కుదురుకోవడానికి నెలో నెలన్నరో పడుతుంది. కుదురుకోని తొట్టి విషాన్ని లాగదు. నీళ్లలో అమోనియా రక్తంలో కన్నా ఎక్కువైతే అది వెనక్కి, మనిషిలోకే వస్తుంది. నైట్రైట్ మిగిలి ఉంటే అదీ కొంచెం పొర దాటి రక్తాన్ని కాఫీరంగు చేసి ఊపిరి ఆపేస్తుంది.

అందుకే పాత తొట్టి నీరసించగానే అందులోని రాళ్లు నాలుగు తీసి కొత్తదాంట్లో వేశారు. అప్పటికే జీవులున్న రాళ్లు కదా, పది రోజుల్లో కుదురుకోవాలి. పదిహేడు రోజులైంది.

"అక్కా, ఇలా రా," అని ముందుగదిలోంచి ఝాన్సీ పిలిచింది.

ఆమె మంచం మీద కూర్చుని నోటుపుస్తకంలో ముగ్గు వేస్తోంది. ఐదు చుక్కల మెలికల ముగ్గు. అది సరదాకి కాదు. అమోనియా పెరిగితే మొదట దెబ్బతినేది మెదడు, మెదడులో మొదట తప్పేది ఇలాంటి గీతే. విదేశాల్లో రోగుల చేత నక్షత్రం గీయిస్తారని తెలిసి, దాని బదులు ముగ్గు పెట్టించింది మందాకిని. చుక్కను తాకకుండా చుట్టూ తిరిగి, గీత మొదలైన చోటికే వచ్చి కలవాలి. నెల కిందట ఝాన్సీ మాట్లాడుతూ మాట్లాడుతూ వేసేసేది. ఇవాళ గీత మూడో చుక్కను కోసుకుంటూ పోయి, కాగితం అంచు దగ్గర ఆగిపోయింది.

"ఎలా ఉంది?" అంది ఝాన్సీ.

"చివర కొంచెం తప్పింది."

"తప్పిందా? నాకు కలిసినట్టే కనిపిస్తోందే."

గీత తప్పడం కాదు, తప్పిన సంగతి తెలియకపోవడం అసలు ప్రమాదం. డాక్టరు ఇంకో పది రోజుల గడువుందన్నాడు. మందాకినికి అంత కూడా లేదనిపించింది.

అప్పుడే ఆమె ఫోను మోగింది. తెరమీద అనకాపల్లి లోకనాథం మాస్టారు పేరు. ఆమె మోగనిచ్చింది.

డ్రాయింగు మాస్టారుగా రిటైరైన లోకనాథం గారు ఐదు నెలలుగా వారానికోసారి ఫోన్ చేస్తున్నారు. ఆయన భార్య వరలక్ష్మమ్మ ఈ ప్రయోగంలో చేరిన పన్నెండుమందిలో పోయిన మొదటి మనిషి. ఆమె తొట్టి నాలుగు నెలలకే చచ్చింది. కారణం ఎవరికీ అంతుపట్టలేదు. ప్రయోగం ఆగిపోకూడదని లాబ్ డైరెక్టరు నివేదికలో ఇంటివారి నిర్వహణ లోపం అని రాయించాడు. దాని కింద సంతకం మందాకినిది. మాస్టారు ఎప్పుడూ గొడవపడలేదు. ఒకే మాట అడిగేవారు, మేం చేసిన తప్పేమిటో చెప్పండమ్మా అని. చెప్పడానికి ఏమీ లేక ఆమె ఫోను ఎత్తడం మానేసింది.

ఆ మధ్యాహ్నం లాబ్‌లో ఆమె పన్నెండు ఇళ్ల రికార్డులూ బల్లమీద పరిచింది. ఉష్ణోగ్రత, ఉప్పు, వెలుతురు, నాచు బరువు అన్నీ ఇంతకుముందు పదిసార్లు చూసినవే. ఈసారి వేరే పని చేసింది. తొట్టి ఎన్ని నెలలు బతికిందో ఆ వరసలో ఫైళ్లు పేర్చింది.

పేర్చాక చాలాసేపు చూస్తూ ఉండిపోయింది.

అన్నిటికంటే ముందు చచ్చింది అనకాపల్లి తొట్టి. ఆ తర్వాత ఝాన్సీది. మూడోది సింహాచలంలో ఒక లెక్చరరుది, రెండు వారాలుగా నీరసిస్తోంది. ఈ మూడు ఇళ్లకీ తనిఖీలో ఆమె స్వయంగా నూటికి నూరు వేసింది. ఒక్క రోజు నమోదు తప్పలేదు, ఒక్క సూచన జవదాటలేదు. ఇక అడుగున ఉన్న ఫైలు గాజువాక సన్యాసినాయుడిది. ఉక్కు కర్మాగారంలో క్రేను నడిపి రిటైరైన మనిషి. నమోదులు సగం ఖాళీ. పేజీ పేజీకీ ఎర్రసిరాతో ఆమె రాసిన హెచ్చరికలు. చివరి కాగితం, ఇలాగే ఉంటే ప్రయోగం నుంచి తొలగిస్తామన్న నోటీసు. అతని తొట్టి పందొమ్మిది నెలలుగా నిక్షేపంగా నడుస్తోంది.

జాగ్రత్తగా ఉన్నవాళ్లు చచ్చిపోతున్నారు. ఇంకోసారి లెక్క సరిచూసుకున్నా అదే వచ్చింది.

గంటలో ఆమె గాజువాకలో ఉంది. సన్యాసినాయుడు వరండాలో లుంగీ ఎగ్గట్టి కూర్చుని వల కుట్టుకుంటున్నాడు.

"ఏటి డాక్టరమ్మా, కాయితం పంపినావు, మనిసివీ వొచ్చేసినావు. ఇప్పుడే గెంటేస్తావా, టీ తాగనిచ్చి గెంటేస్తావా?"

"తొట్టి చూడాలి నాయుడుగారూ."

"సూడు. మరి తిట్టకు."

తిట్టాల్సినంతా ఉంది అక్కడ. గాజు మీద పాచి. ఒక మూల పీత గుంట తవ్వుకుంది. అది లాబ్ ఇచ్చిన సరుకులో ఉన్నది కాదు, ముచ్చటపడి తానే రేవులోంచి తెచ్చి వేశానన్నాడు. రాళ్లు ఊదారంగూ గులాబిరంగూ తేలి, దూదిలాంటి పెరుగుదలలతో నిండిపోయాయి. నాచు దీపాన్ని ముట్టుకుంటోంది. ఆమె మోకాళ్ల మీద కూర్చుని చూసింది. గాజు లోపలివైపు బియ్యపు నూక సైజు జీవులు వందలకొద్దీ పరుగెడుతున్నాయి.

ఝాన్సీ తొట్లో అవి లేవు. మొదట్లో ఉండేవి. మూడో నెలలో మాయమయ్యాయి. తిండి చాలక అనుకుంది అప్పుడు.

"ఆవిరైన నీళ్ల బదులు రోజూ ఏం పోస్తున్నారు?"

"నువ్విచ్చిన ఫిల్టరు నీల్లే. నానేటి, బోరు నీల్లు పోసీసినాననుకున్నావా? అంత ఎర్రోడిని కాదు." అతను తలుపు వెనక ఉన్న ప్లాస్టిక్ బకెట్టు కాలితో ముందుకు తోశాడు. దానికి చెవి లేదు, తాడు కట్టి ఉంది. "రాత్రల్లా దీన్లో పడతాయి. పొద్దున్న ఒంపేస్తాను. మా ఆడది దీన్ని పారెయ్యమని పోరుతాది, ఈదిలో పెట్టినా ఎవుడూ ఎత్తుకెల్లడని."

ఆమె ఆ బకెట్టు వైపు చూసింది. అక్కడేదో ఉందని అనిపించింది కానీ, ఏమిటో అందలేదు.

మర్నాడు ఉదయం ఆరుకే మర్రిపాలెం వెళ్లింది. ఇంత పొద్దున్నే ఎప్పుడూ రాలేదు. వస్తే నీళ్లు పరీక్షించే వేళకో, సాయంత్రం ఝాన్సీని తొట్టికి తగిలించే వేళకో వస్తుంది. ఉదయం నీళ్లు పోసే పని త్రినాథ్‌ది. తలుపు తీసే ఉంది. అతను స్నానం చేసి, తడి తల మీద తువ్వాలు చుట్టుకుని, వంటింట్లోంచి రెండు చేతులతో నీళ్లు పట్టుకొస్తున్నాడు.

రాగి బిందెలో.

ఉదయపు ఎండకి అది నిప్పుకణికలా మెరిసింది. ఎక్కడా మచ్చ లేదు.

"ఆగు," అంది మందాకిని.

అతను ఆగాడు.

"ఈ బిందె ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ ఇదే వదినా. మా అమ్మది, దేవుడి గదిలోది. రోజూ సాయంత్రం చింతపండుతో తోమి ఫిల్టరు కింద పెడతాను. వేరే వాడకం ఏమీ లేదు, అచ్చంగా దీనికే." ఆమె ముఖం చూసి అతని గొంతు తగ్గింది. "ఎందుకు?"

ఆమె సంచిలోంచి లోహాల పరీక్షపెట్టె తీసింది. బిందెలో నీళ్లు ఒక నాళికలో, కొత్త తొట్టి నీళ్లు ఒక నాళికలో, పాత తొట్టివి ఇంకోదాంట్లో. మందు వేసి ఐదు నిమిషాలు ఆగాలి. మూడు నిమిషాలకే మూడూ నీలం తిరిగాయి.

రాగి. మనుషులు రాగిచెంబులో నీళ్లు తాగి వందేళ్లు బతుకుతారు. కానీ నూకగింజంత సముద్రజీవికి అది విషం, రాళ్లలోని సూక్ష్మజీవులకి విషం, నాచుకి విషం. అందులోనూ ఫిల్టరు నీళ్లు ఏమీ కలవని నీళ్లు. ఆకలి మీదున్నట్టు తాకినదాన్నల్లా కొరుకుతాయి. బిందె చింతపండుతో రోజూ తోమితే పైన పట్టే పొర కూడా పోయి, పచ్చి లోహం వాటికి నోటి దగ్గర దొరుకుతుంది. తొట్లో నీళ్లు ఆవిరైపోతాయి. రాగి ఆవిరి కాదు. ఒక్కో ఉదయం ఒక్కో పిసరు చేరుతూ సున్నపురాళ్లలోకి ఇంకిపోతుంది, తర్వాత మెల్లగా బయటికి వస్తుంది. పాత తొట్టి నుంచి నాలుగు రాళ్లు కొత్తదాంట్లో వేసినప్పుడు వాళ్లు జీవుల్ని వెయ్యలేదు. విషాన్ని వేశారు.

ఇదంతా ఆమెకు కొత్త కాదు. చదువయ్యాక నాలుగేళ్లు రొయ్యల హేచరీలో పనిచేసింది. అక్కడ రాగి కలిసి ఉంటుందని ఇత్తడి కుళాయి కూడా బిగించనివ్వరు. అది ఆమెకు అలవాటైపోయి, ఎవరికీ చెప్పాల్సిన సంగతని తోచనే లేదు.

త్రినాథ్ బిందెను కిందపెట్టాడు. "కాగితంలో ఉన్నట్టే చేశాను వదినా," అన్నాడు. గోడ దగ్గరికి వెళ్లి, సూచనల పత్రంలో ఏడో వాక్యం కింద వేలు పెట్టాడు.

ఆమెకు చదవక్కర్లేదు. మొదటి నెలలో ఒక ఇంట్లో రంగుడబ్బాలో నీళ్లు పట్టారని తెలిసి, ఆ సాయంత్రమే కూర్చుని ఆమె కలిపిన వాక్యం అది. ఫిల్టరు నీటిని మీ ఇంట్లోని అన్నిటికంటే శుభ్రమైన పాత్రలో నిల్వ ఉంచండి.

అన్నిటికంటే శుభ్రమైన పాత్ర ఈ ఇళ్లల్లో ఏదో ఆమెకు తెలియదా? ఆమె ఇంట్లో కూడా అదే.

"నువ్వు సరిగ్గానే చేశావు," అంది. "ఆ వాక్యం నాది."

ముందుగదిలో ఏదో పడిన చప్పుడైంది. ఇద్దరూ పరుగెత్తారు. ఝాన్సీ మంచం మీదే కూర్చుని ఉంది. నేలమీద పెన్ను. దానివైపు చూస్తూ, దాన్ని ఏమంటారో గుర్తుకు తెచ్చుకుంటున్నట్టు పెదాలు కదుపుతోంది.

ఎనిమిది గంటలకి ఆమె లాబ్‌కి ఫోన్ చేసింది. తెప్పల కింద వేలాడే రాళ్లు ఉన్నాయి, కానీ వాటిని పైకి తీస్తే సగం జీవులు చచ్చి కుళ్లి అవే అమోనియా పుట్టిస్తాయి. నెల పడుతుంది. డైరెక్టరు సంగతి విని అన్ని ఇళ్లకీ ఒక సవరణ పంపమన్నాడు, ఇకపై ప్లాస్టిక్ పాత్రలు వాడండని. కారణం రాయనక్కర్లేదన్నాడు. మందాకిని ఆ సంగతి తర్వాత మాట్లాడదామని పెట్టేసి, మిగతా పది ఇళ్లకూ తానే ఫోన్లు చేసింది. బిందెలో నీళ్లు ఉంటే పోయకండి, బకెట్టు వాడండి, తప్పు నాది. సింహాచలంతో కలిపి నాలుగు ఇళ్లల్లో రాగే. మిగతా మూడూ ఈమధ్యే మొదలయ్యాయి కాబట్టి నీళ్లు మారిస్తే నిలబడొచ్చు. సింహాచలం తొట్టికి ఇంకా నెల రోజుల ఊపిరి ఉంది. ఝాన్సీకి లేదు.

అప్పటికప్పుడు పనిచేసే రాళ్లు సగం ఇచ్చినా నిలబడేంతగా ముదిరిన తొట్టి ఒక్కటే ఉంది.

గాజువాకలో సన్యాసినాయుడు అంతా విన్నాడు. మధ్యలో ఒక్క జోకూ వెయ్యలేదు. అది చూసి ఆమెకు ఇంకా భయం వేసింది.

"సగం రాల్లు తీసేస్తే నాకేటవుద్ది?" అన్నాడు చివరికి.

"మీ తొట్టి సగం పనే చేస్తుంది. కొత్త రాళ్లు ఇస్తాను, వాటిలోకి జీవులు పాకడానికి నలభై రోజులు పడుతుంది. అంతవరకూ మీరూ అంచుమీదే ఉంటారు. తిండి తగ్గించాలి. పప్పు, గుడ్డు, మాంసం వద్దు."

"సేప?"

"చేప అసలే వద్దు."

"అది ముందు సెప్పాలి గదమ్మా. సావు సంగతి ఆనక." వల పక్కన పెట్టాడు. "సస్తానా?"

అబద్ధం చెప్పాలనిపించింది. మర్రిపాలెంలో పెన్ను పేరు వెతుక్కుంటున్న పెదాలు గుర్తొచ్చాయి. అయినా ఆ నోటితో ఇంకో వాక్యం తప్పు చెప్పదలచుకోలేదు.

"చెప్పలేను నాయుడుగారూ. చావచ్చు కూడా. వద్దంటే మిమ్మల్ని ఎవరూ ఒక మాట అనరు."

అతను లోపలికి వెళ్లాడు. భార్యతో ఏదో అనడం, ఆమె గొంతు లేవడం, తర్వాత తగ్గడం వినిపించింది. తిరిగి వచ్చినప్పుడు చేతిలో పాత పేపర్ల కట్ట, గోనెసంచి ఉన్నాయి.

"క్రేను మీద ముప్పయ్యేల్లు కింద మనిసి సైగ నమ్మి బరువులెత్తినాను. ఒగసారి ఆ మనిసి తెల్దంటే, ఎత్తకుండా ఆపీసినాను. నువ్వు తెల్దన్నావు. బాగుంది. కానీ ఇది ఆపే బరువు కాదు." అతను తొట్టి ముందు కూర్చున్నాడు. "పీత మాత్రం ఇవ్వను. అది నాదే."

రాళ్లను గాలి తగలకుండా ఉప్పునీళ్లలో ముంచిన పేపర్లలో చుట్టారు. ఆరు పెద్ద రాళ్లు, రెండు గుప్పిళ్ల నాచు. ఇరవై నిమిషాల్లో అవి మర్రిపాలెం చేరకపోతే పైనున్న మెత్తటి జీవులు చనిపోతాయి. కారు వెనక సీట్లో గోనెసంచి ఒళ్లో పెట్టుకుని సన్యాసినాయుడి భార్య కూర్చుంది. దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. దిగేటప్పుడు మాత్రం, మా ఆయన రాల్లు జాగర్త అంది.

త్రినాథ్ ఇంకో కొత్త గాజుపెట్టె కడిగి, భీమిలి నుంచి తెప్పించిన నీళ్లతో నింపి సిద్ధంగా ఉంచాడు. బిందె ఎక్కడా కనిపించలేదు. ఫిల్టరు కింద ప్లాస్టిక్ బకెట్టు ఉంది. దాన్ని కూడా మూడుసార్లు ఫిల్టరు నీళ్లతోనే కడిగాడు, అయినా మందాకిని వైపు చూశాడు, సరేనా అన్నట్టు.

రాళ్లు దించారు. ఎంత జాగ్రత్త పడినా దారిలో కొన్ని జీవులు పోయాయి. సాయంత్రానికి పరీక్షనాళిక లేత ఆకుపచ్చ. రెండో నాళిక, నైట్రైట్ చూపించేది, ముదురు గులాబి.

"తగిలించేద్దామా?" అన్నాడు త్రినాథ్. మొదటిసారి అతను పుస్తకంలో లేనిది అడిగాడు.

"గులాబి పోవాలి. ఇప్పుడు తగిలిస్తే ఊపిరాడదు."

ఆ రాత్రి గడిచింది. మర్నాడు ఉదయానికి మొదటి నాళిక పసుపైంది. గులాబి అలాగే ఉంది. ఝాన్సీ పేరుపెట్టి పిలిస్తే కళ్లు తెరుస్తోంది, మూస్తోంది. పదింటికి గాజువాక నుంచి ఫోను. సన్యాసినాయుడి గొంతు ముద్దముద్దగా ఉంది. చేతులు కొంచెం వణుకుతున్నాయన్నాడు. ఏం తిన్నారని గద్దించింది మందాకిని.

"ఎండుసేప. ఒగటే. వాసన సూద్దామని తీసినాను."

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఫోను భార్యకి ఇమ్మని చెప్పి, ఇంట్లో ఉన్న ఎండుచేపలన్నీ పక్కింటికి పంపించెయ్యమంది, ఈ పూట నాలుగు గంటలకు బదులు ఆరు గంటలు తొట్టికి ఉంచమంది. ఇద్దరు మనుషుల ప్రాణం ఆరు రాళ్ల మీద అటూ ఇటూ ఊగుతోంది. తాను ఒక రంగుల కార్డు పట్టుకుని కూర్చుంది.

పన్నెండుకి లేత గులాబి. రెండింటికి, చూసేవాళ్ల కంటిని బట్టి ఉందనుకుంటే ఉంది. త్రినాథ్ గంటగంటకీ రాస్తున్నాడు. రాసిన ప్రతిసారీ మంచం దగ్గరికి వెళ్లి, భార్య ముక్కు దగ్గర వేలు పెట్టి, తిరిగి వస్తున్నాడు.

నాలుగింటికి మందాకిని నాళికను తెల్లకాగితం మీద నిలబెట్టింది. రెండు నిమిషాలు. ఐదు. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. త్రినాథ్‌ని చూడమంది. అతను వంగి, కళ్లు చికిలించి చూసి, పుస్తకంలో ఏదో రాయబోయి రాయలేక పెన్ను ఆమె చేతికిచ్చాడు.

గొట్టం తగిలించారు. ఎర్రటి గీత పొర వైపు కదిలింది. కొత్త తొట్టిలో నాచు కొస మీద ఒక చిన్న గాలిబుడగ పుట్టి, పైకి వెళ్లింది.

ఐదో రోజు ఉదయం ఝాన్సీ పుస్తకం అడిగింది. ఐదు చుక్కలు పెట్టింది. చెయ్యి నెమ్మదిగా, బెదురుగా కదిలింది. గీత మొదటి చుక్కను చుట్టి, రెండోదాన్ని చుట్టి, మూడోదాని దగ్గర తడబడి ఆగింది. ఝాన్సీ పెన్ను ఎత్తకుండానే వెనక్కి చూసుకుని, "ఇక్కడ తప్పిందక్కా," అంది.

తప్పింది నిజమే. తప్పిందని ఆమెకు తెలిసింది. త్రినాథ్ అటు తిరిగి గోడ వైపు ముఖం పెట్టుకున్నాడు.

గాజువాక నుంచి కూడా కబురొచ్చింది. వణుకు తగ్గిందట, పీత బాగుందట, నలభై రోజుల్లో ముప్పయ్యైదు మిగిలాయట, ఎవరూ అడగకపోయినా ఆ లెక్క తానే చెబుతున్నాడట.

మందాకిని బయట మెట్ల మీద కూర్చుంది. లాబ్‌కి పంపాల్సిన కాగితం ఒళ్లో ఉంది. అనకాపల్లి నివేదికలో నిర్వహణ లోపమన్న మాట కొట్టేసి, దాని పక్కన తన వాక్యాన్ని తన పేరుతో రాసింది. దీని తర్వాత ప్రయోగం ఉంటుందో లేదో, తన ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు. అనకాపల్లికి ఫోను చెయ్యడంకన్నా అదేమీ కష్టంగా అనిపించలేదు.

మొదటి రింగుకే ఎత్తారు.

"మాస్టారూ, నేను మందాకినిని."

"చెప్పండమ్మా." ఆ గొంతులో ఆశ్చర్యం లేదు. ఐదు నెలలుగా ఆ ఫోను కోసం పక్కనే కూర్చున్నట్టుంది.

ఆమె చెప్పింది. రాగి, ఫిల్టరు నీళ్లు, ఏడో వాక్యం. ఏదీ చుట్టి చెప్పలేదు. మీరు ఏ తప్పూ చెయ్యలేదు మాస్టారూ, నేను రాసినట్టే చేశారు, తప్పు రాసింది నేను, నిర్వహణ లోపమని మీ మీద పెట్టిన కాగితం మీద సంతకమూ నాదే అంది.

అవతల ఎక్కడో రైలు వెళ్లిన చప్పుడు.

"రాగి," అన్నారు ఆయన.

"అవునండీ."

"మా ఆవిడ అందమ్మా ఆ మాట. మూడో నెలలో. తొట్లో ఏవో చిన్న చిన్న పురుగులుండేవి కదా, వాటిని చూస్తూ కూర్చునేది. అవి కనపడకుండా పోయాయనీ, బిందె మార్చి చూద్దామనీ అంది. ఫిల్టరు నీళ్లకి రాగి వాసన వస్తోందంది." ఆయన ఆగారు. "నేనే కోప్పడ్డాను. డాక్టరుగారు శుభ్రమైన పాత్ర అని రాశారు, ఇంతకన్నా శుభ్రమైంది మనింట్లో ఏముంది, నీకేం తెలుసు, ఊరుకో అన్నాను."

మందాకిని ఒళ్లోని కాగితాన్ని మడత పెట్టింది.

"ఊరుకుంది," అన్నారు మాస్టారు.

ఆయన ఫోను పెట్టెయ్యలేదు. ఆమె కూడా పెట్టెయ్యలేదు. లోపల ఝాన్సీ ఇంకో పేజీ తిప్పి, మళ్లీ చుక్కలు పెడుతున్న చప్పుడు వినిపిస్తోంది.